రివర్‌లో చెక్ చేసి రైజ్ చేయడం: ఏ ముక్కలతో, ఎంతకు, ఎవరి మీద

సమాధానమంతా మీరు వివరించిన ఆ ఒక్క ఆట చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందు దానిని క్లుప్తంగా తిరిగి చెబుతాను. హనుమకొండలో మిత్రులతో కలిసి, డబ్బు పెట్టకుండా, చిప్స్‌తో మాత్రమే టెక్సస్ హోల్డెమ్ ఆడుతున్నారు, అంటే చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు ఉండే పోకర్. మీరు బిగ్ బ్లైండ్‌లో, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం పెట్టాల్సిన చోట, ఉన్నారు. చేతిలో ఆఠీను 10, ఆఠీను 9. బల్ల మీద పడిన అయిదు ముక్కలు వరుసగా డైమండ్ ఆసు, కళావరు 10, కళావరు 6, ఆఠీను 3, ఇస్పేటు 2. రివర్‌లో (అయిదో ముక్క పడ్డాక) పాట్, అంటే మధ్యలో చేరిన చిప్స్, 80 ఉండగా మీరు చెక్ చేశారు (పందెం వేయకుండా వదిలారు), మీ మిత్రుడు 40 బెట్ చేశారు (పందెం వేశారు), మీరు 80కి రైజ్ చేశారు (పందెం పెంచారు). ఆయన పెద్దగా ఆలోచించకుండానే కాల్ చేసి (మీ పందేనికి సమానంగా వేసి) ఆసు-రాణి చూపించారు. చివరి రౌండ్‌లో చెక్ చేసి రైజ్ చేస్తే ఎంతటివారైనా వెనక్కి తగ్గుతారని చదివాననీ, మీ మిత్రుడి మీద అది ఎందుకు పనిచేయలేదనీ మీరు అడిగారు.

మీరు చదివినదానిలో అబద్ధం లేదు. అయితే ఆ ఎత్తుకు పట్టు ఇచ్చే మూడు విషయాలూ, అంటే చేతిలోని ముక్కలు, రైజ్ పరిమాణం, ఎదుటి మనిషి, మీ ఆటలో ఒకేసారి ఎదురు తిరిగాయి. ఈ మూడింటిలో ముక్కల ఎంపికే అసలైనదని నా అభిప్రాయం. హనుమకొండలో గణాంకశాస్త్రం బోధించడం నా వృత్తి. గోవా క్యాసినోల బల్లల మీద చాలా ఏళ్లు ఆడాను. అక్కడ కూడా రివర్‌లో బ్లఫ్ రైజ్ (బలమైన ముక్కలు లేకుండానే ఉన్నట్టు పందెం పెంచడం) చేసేవారిలో ఎక్కువమంది ధైర్యం చాలక కాదు, తప్పు ముక్కలతో చేసి చెడిపోవడం చూశాను.

ముందుగా ఇది ఎందుకంత అరుదో చెప్పుకోవాలి. ఫ్లాప్‌లోనో (బల్ల మీద మొదటి మూడు ముక్కలప్పుడు) టర్న్‌లోనో (నాలుగో ముక్కప్పుడు) రైజ్ చేసినప్పుడు, అవతలివారు కాల్ చేసినా, ఇంకా పడాల్సిన ముక్క మిమ్మల్ని కాపాడే అవకాశం ఉంటుంది. ఫ్లష్‌కు (ఒకే గుర్తు ఉన్న అయిదు ముక్కలకు) ఒక ముక్క తక్కువగా ఉన్న చేతితో టర్న్‌లో రైజ్ చేస్తే అది సగం బ్లఫ్, సగం నిజం. రివర్ తర్వాత ముక్కలు లేవు. మీ చెయ్యి ఆ క్షణానికి గెలిచేదో ఓడేదో తేలిపోయి ఉంటుంది; కాల్ వస్తే బ్లఫ్‌కు రెండో దారి లేదు. పైగా ముందు చెక్ చేయాలి, అవతలివారు బెట్ చేయాలి, ఆ తర్వాతే మీకు అవకాశం వస్తుంది. అందుకే మామూలు ఆటగాళ్లు ఈ పనిని దాదాపు ఎప్పుడూ అతి బలమైన ముక్కలతోనే చేస్తారు, అది తెలిసిన ఆటగాళ్లు దీనిని చూడగానే మంచి ముక్కలనైనా పడేస్తారు. బ్లఫ్‌కు చోటు పుట్టేది సరిగ్గా అక్కడే. తరచుగా వాడితే ఆ చోటు దానంతట అదే మూసుకుపోతుంది.

ఇప్పుడు లెక్క. పాట్ 100 అనుకుందాం. మీరు చెక్ చేశారు, అవతలివారు 75 బెట్ చేశారు, మీరు 300కు రైజ్ చేశారు. మీరు 300 పణంగా పెట్టి 175 గెలవాలని చూస్తున్నారు కాబట్టి 300ను 475తో భాగిస్తే, వంద సార్లలో 63 సార్లకు పైగా అవతలివారు ఫోల్డ్ చేస్తేనే (ముక్కలు పడేస్తేనే) ఈ బ్లఫ్ నష్టం లేకుండా సాగుతుంది. అవతలివారి వైపు నుంచి చూస్తే, వారు ఇంకో 225 వేసి 475 గెలవాలి. వారికి 32 శాతం గెలుపు అవకాశం ఉంటే చాలు. దీని నుంచి నేరుగా వచ్చే ఫలితం ఏమిటంటే, ఈ పరిమాణంతో మీరు చేసే ప్రతి మూడు రైజ్‌లలో సుమారు రెండు నిజమైనవీ ఒకటి బ్లఫ్‌దీ అయితే, అవతలివారు కాల్ చేసినా ఫోల్డ్ చేసినా వారికి ఒరిగేది ఏమీ ఉండదు. బ్లఫ్‌లు అంతకన్నా తగ్గితే వారు ఫోల్డ్ చేసి లాభపడతారు, పెరిగితే కాల్ చేసి లాభపడతారు.

మీ ఆటలో ఇదే లెక్క వేయండి. మీరు 40 మీద 80కి రైజ్ చేశారు. మీ మిత్రుడు మరో 40 వేస్తే 200 గెలుచుకునే స్థితిలో ఉన్నారు, అంటే ఆరు సార్లకు ఒక్కసారి తన చెయ్యి గెలిచినా ఆయనకు నష్టం లేదు. ఆసు జత, దానికి తోడు రాణి పట్టుకున్న మనిషి ఆ ధరకు ముక్కలు పడేయాలంటే మీ చేతిలోని ముక్కలు ఆయనకు కనపడి ఉండాలి. కనీస రైజ్‌తో చేసే బ్లఫ్‌లో మీ ఖర్చు తక్కువే, కానీ కాల్ చేయడం అంతకన్నా చవక. రివర్‌లో చిన్న రైజ్‌కు ఒకే ఒక్క సమర్థన ఉంది: మీ దగ్గర నిజంగా గెలిచే ముక్కలు ఉండి, బలహీనమైన చేతితో కూడా అవతలివారి చేత కాల్ చేయించాలనుకున్నప్పుడు. బ్లఫ్ అయితే అవతలి బెట్‌కు మూడున్నర రెట్ల నుంచి నాలుగు రెట్ల వరకు ఉండాలని నేను చెబుతాను. దానికి తగినన్ని చిప్స్ ఇద్దరి దగ్గరా మిగిలి ఉండాలి. 75 బెట్ చేసినవారి దగ్గర ఇంకో 60 మాత్రమే ఉంటే, మీరు ఎంత రైజ్ చేసినా వారు వేయాల్సింది 60 మాత్రమే కాబట్టి ఆ ఆలోచనే మానుకోవాలి.

పరిమాణం కన్నా పెద్ద లోపం, మీరు 10ల జతను బ్లఫ్‌గా మార్చడం. మీ మిత్రుడు ఫ్లష్ కోసం చూసి అది పడక బ్లఫ్ చేసి ఉంటే, మీ 10ల జత కేవలం కాల్ చేసినా గెలిచేది. 40 వేసి 120 గెలవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం చాలు. ఆయన పడని ఫ్లష్‌తో అప్పుడప్పుడైనా బెట్ చేసే మనిషి అయితే కాల్ సరైనది, ఎన్నడూ చేయని మనిషి అయితే ఫోల్డ్ సరైనది. రైజ్ చేయడం వల్ల ఏమైందంటే, మీకన్నా బలహీనమైన ముక్కలన్నీ వెళ్లిపోయాయి, బలమైనవి మాత్రమే మిగిలి కాల్ చేశాయి. మధ్యరకం చెయ్యికి ఉన్న విలువ అంతా చౌకగా షో వరకు చేరడంలోనే ఉంది. జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసినవాడు. ఆ తర్వాత ఆయనే ఇద్దరు ఆటగాళ్ల పోకర్‌కు ఒక సరళమైన గణిత నమూనా కట్టినప్పుడు తేలింది కూడా ఇదే: బెట్ చేయాల్సింది అతి మంచి ముక్కలతోనూ అతి చెడ్డ ముక్కలతోనూ, మధ్యవాటితో చెక్ చేయాలి. అతి చెడ్డ ముక్కలకు షోలో పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు, అందుకే బ్లఫ్ భారం అవే మోయాలి.

అయితే పనికిరాని ముక్కలన్నీ ఒకటి కాదు. పదమూడు ముక్కల రమ్మీ ఆడి పెరిగిన మన ప్రాంతంవారికి దీనిని వివరించడం తేలిక. మీకు కావలసిన ఆఠీను 7 ఒకటి మీ పక్కవారు ఎత్తుకుంటే, ఇక రెండోది కోసం కూర్చోవాలా వద్దా అని వెంటనే లెక్క వేసుకుంటారు కదా. కనపడిన ముక్క ఇంకొకరి చేతిలో ఉండదన్న ఆ ఇంగితమే ఇక్కడా పనిచేస్తుంది. రమ్మీలో రెండు కట్టలు కలిపి ఆడతారు కాబట్టి ఆ లెక్క కొంత వదులుగా ఉంటుంది. పోకర్‌లో ఉన్నది 52 ముక్కల ఒకే కట్ట. ఇస్పేటు ఆసు మీ చేతిలో ఉంటే లోకంలో మరెవరి చేతిలోనూ ఉండదు. ఇలాంటి ముక్కనే బ్లాకర్ అంటారు.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. బల్ల మీద ఇస్పేటు జాకీ, ఇస్పేటు 8, డైమండ్ 7, టర్న్‌లో ఇస్పేటు 2, రివర్‌లో డైమండ్ 4. మీ చేతిలో ఇస్పేటు ఆసు, డైమండ్ 10. ఫ్లాప్‌లో ఒక 9 పడితే స్ట్రెయిట్ (వరుస అంకెల అయిదు ముక్కలు) అవుతుందనీ, ఆసు జత కూడా కుదరవచ్చనీ కాల్ చేశారు. టర్న్‌లో మూడో ఇస్పేటు పడి, ఇంకొక్క ఇస్పేటు వస్తే అతి పెద్ద ఫ్లష్ అవుతుంది కాబట్టి మళ్లీ కాల్ చేశారు. రివర్‌లో ఏదీ పడలేదు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది వట్టి ఆసు మాత్రమే, షోలో దాదాపు గెలవదు. మీరు చెక్ చేశారు, అవతలివారు 100 పాట్‌లో 75 బెట్ చేశారు.

బల్ల మీద జత లేదు కాబట్టి ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు) సాధ్యం కాదు, ఇక్కడ స్ట్రెయిట్ ఫ్లష్ కూడా కుదరదు. అందరికన్నా పెద్ద చెయ్యి ఇస్పేటు ఆసుతో ఉండే ఫ్లష్. బల్ల మీద లేని ఇస్పేటులు 10 ఉన్నాయి, వాటిలోంచి రెండేసి తీస్తే 45 ఫ్లష్ జతలు. ఆసు మీ దగ్గర ఉంది కాబట్టి మిగిలినవి 9 ఇస్పేటులు, 36 జతలు. పోయిన తొమ్మిదీ అవతలివారు ఎన్నడూ ఫోల్డ్ చేయని జతలే. ఇక రాజుతో ఉన్న ఫ్లష్ పట్టుకున్నవారు కూడా, మీరు 300 అనగానే ఆసు మీ దగ్గర ఉందేమోనని ఒక్క క్షణం ఆగుతారు. చిన్న ఫ్లష్, స్ట్రెయిట్, మూడు 8లు, రెండు జతలు పట్టుకున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. మీ 10 వల్ల 9-10తో వచ్చే స్ట్రెయిట్‌లు కూడా కొన్ని తగ్గుతాయి; అయితే అదే 10 వల్ల రాణి-10 వంటి, పడక బ్లఫ్ చేసిన చేతులు కూడా తగ్గుతాయి, అవి ఎలాగూ ఫోల్డ్ అయ్యేవి కాబట్టి ఆ మేరకు మీకు నష్టమే. ఈ లాభనష్టాలు ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి. ఇక్కడ పని చేసే ముక్క ఆసు ఒక్కటే.

ఇంకొక మాట, మీరు చెప్పే కథ అతుకుతుందా లేదా? ఈ ఆటలో నిజంగా ఆసుతో ఫ్లష్ ఉన్నా మీరు ఇలాగే, ఫ్లాప్‌లో కాల్, టర్న్‌లో కాల్, రివర్‌లో చెక్ చేసి ఎదురు చూసి రైజ్ చేసేవారు. కాబట్టి కథ నిలబడుతుంది. మీ హనుమకొండ ఆటలో రివర్‌లో పడ్డ 2 వల్ల అకస్మాత్తుగా బలపడేవి 5-4, ఆసు-2 వంటి కొద్ది చేతులు మాత్రమే. ఆ బల్ల మీద బ్లఫ్ చేయాలనే ఉంటే కళావరు రాజు, కళావరు 5 మెరుగు: ఫ్లష్ పడలేదు కాబట్టి షో విలువ లేదు, 5 చేతిలో ఉండడం వల్ల అవతలివారి దగ్గర 5-4 ఉండే అవకాశం తగ్గుతుంది, అదే సమయంలో ఆ స్ట్రెయిట్ మీ దగ్గరే ఉందని చెప్పే వీలూ ఉంటుంది.

పేరుమోసిన ఉదాహరణ కావాలంటే 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ చివరి ఘట్టం చూడండి. టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, అనుభవజ్ఞుడైన శామ్ ఫర్హా మీద రివర్‌లో ఆల్-ఇన్ (తన చిప్స్ అన్నీ పెట్టి) బ్లఫ్ చేశాడు. బల్ల మీద మూడు ఇస్పేటులు, మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను 7. ఫ్లష్ పడలేదు, స్ట్రెయిట్ పడలేదు. 9ల జతతో అప్పటికి గెలుస్తున్న ఫర్హా ఫోల్డ్ చేశాడు. అది రివర్‌లో రైజ్ కాదు, ఫర్హా చెక్ చేశాక వేసిన బెట్. కానీ టర్న్‌లోనే రైజ్ చేసి కథను ముందుగా అల్లి ఉంచడం, చేతిలోని ఇస్పేటు రాజు పెద్ద ఫ్లష్‌లను అడ్డుకోవడం రెండూ నేను చెప్పినవే. 839 మంది ఆడిన ఆ పోటీలో ఆయన 25 లక్షల డాలర్లు గెలిచాడు.

బ్లఫ్ గురించి ఇంత చెప్పాక, దాని రెండో సగం గురించి చెప్పకపోతే పొరపాటు. నిజంగా గొప్ప ముక్కలు వచ్చినప్పుడు కూడా మీరు ఎప్పుడూ ముందే బెట్ చేసేస్తుంటే, మీ చెక్-రైజ్‌లన్నీ బ్లఫ్‌లేనని నాలుగు వారాల్లో అందరికీ తెలిసిపోతుంది. మరి గొప్ప చెయ్యితో చెక్ చేయడం లాభమేనా? పాట్ 100లో మీరు 75 బెట్ చేస్తే సగం సార్లు కాల్ వస్తుందనుకుంటే సగటు రాబడి 37.5. అదే మీరు చెక్ చేసి, అవతలివారు 75 బెట్ చేస్తే 300కు రైజ్ చేసి, ఆ రైజ్‌కు మూడింట ఒక సారి కాల్ వస్తుందనుకుంటే, వారు బెట్ చేసిన ప్రతిసారీ మీకు సగటున 150 వస్తుంది. కాబట్టి వారు నాలుగింట ఒకసారి కన్నా ఎక్కువగా బెట్ చేసే మనిషి అయితే చెక్ చేయడమే లాభం. వెనక నుంచి ఊరికే చెక్ చేసి షో చూసే మనిషి అయితే మీరే బెట్ చేయాలి. ఈ అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి, మీ బల్ల మీద మనుషులను చూసి మార్చుకోండి.

ఇక మనుషుల సంగతి. ఈ బ్లఫ్ పనిచేయాలంటే అవతలివారిలో రెండు లక్షణాలు కలిసి ఉండాలి: మధ్యరకం ముక్కలతో కూడా రివర్‌లో బెట్ చేసే చొరవ, ఎదురు రైజ్ వస్తే పడేయగల నిగ్రహం. మొదటిది ఉండి రెండోది లేనివారు మన దగ్గర ఎక్కువ, దానికి కారణం మూడు ముక్కలాట అని నా అనుమానం. దసరా, దీపావళి రాత్రుళ్లు ఆ ఆట ఆడి పోకర్‌కు వచ్చినవారికి, చివరి ఇద్దరు మిగిలాక డబ్బు కట్టి షో అడగడం ఒక హక్కులా అలవాటై ఉంటుంది. ముక్కలు చూడకుండా పడేస్తే వారికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటివారి మీద బ్లఫ్ రైజ్ చేయడం దండగ; గొప్ప ముక్కలతో చెక్ చేసి రైజ్ చేయడం మాత్రం పండగ. రమ్మీ నుంచి వచ్చినవారు వేరు. మొదట్లోనే డ్రాప్ చేసి తక్కువ పాయింట్లతో బయటపడడం వారికి సహజం, పోయిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం కూడా సహజం. మీరు చెప్పే కథను వారు వింటారు, విని ఫోల్డ్ చేయగలరు.

మీరు డబ్బు పెట్టకుండా ఆడుతున్నారన్నది ఇక్కడ పెద్ద విషయం. చిప్స్ పోతే పోయేదేమీ లేనప్పుడు కాల్ చేయడానికి ఎవరూ వెనుకాడరు, కాబట్టి 63 శాతం ఫోల్డ్‌లు మీకు ఎన్నడూ దొరకవు. అలాగని డబ్బు పెట్టమని నేను చెప్పడం లేదు. 1974 నాటి గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణతో తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం, నైపుణ్యం ఉన్న ఆట అన్న మినహాయింపు కూడా లేకుండా, నిషేధంలోకి వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అలాంటి ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. దానికి బదులు టోర్నమెంటు పద్ధతి పెట్టుకోండి: అందరికీ సమానంగా చిప్స్, అయిపోయినవారు ఆ సాయంత్రానికి బయటకు, మళ్లీ కొనడం లేదు, నెలాఖరుకు పాయింట్ల పట్టిక. బయట కూర్చోవలసి వస్తుందన్న భయం చాలు, ఫోల్డ్‌లు వాటంతట అవే మొదలవుతాయి. అంతవరకు ఈ ఎత్తును బ్లఫ్‌గా పూర్తిగా పక్కన పెట్టి, మంచి ముక్కలతో మాత్రమే వాడండి. మీ బల్ల మీద అది తప్పు కాదు, అదే సరైన ఆట.

బ్లఫ్‌లు మొదలుపెట్టాక ఎన్నిసార్లు చేయాలో మనసుకు వదిలేయకండి. ఓడిన కోపంలో ఎక్కువ, గెలిచిన భయంలో తక్కువ చేస్తాం. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లను 1,20,000 చేతుల పోటీలో ఓడించింది. పాట్‌కు ఎన్నో రెట్ల బెట్‌లు కూడా అది ఏ తొట్రుపాటూ లేకుండా వేసింది, ఎందుకంటే ఏ ముక్కలతో ఎన్నోసారి ఏం చేయాలన్నది దానికి ఒక సంభావ్యత మాత్రమే. మనిషి దానికి దగ్గరగా రావడానికి చేతి గడియారం చాలు: సరైన బ్లాకర్ ఉన్న చెయ్యి వచ్చినప్పుడు సెకన్ల ముల్లు మొదటి 20 సెకన్లలో ఉంటే రైజ్, లేకపోతే ఫోల్డ్. గడియారం వైపు చూస్తున్నారని పక్కవారు కనిపెట్టకుండా చూసుకోవాలి, అంతే. ముగ్గురు, నలుగురు ఇంకా పాట్‌లో ఉన్నప్పుడు మాత్రం గడియారం చూడనే వద్దు. అందరూ ఫోల్డ్ చేయాల్సిన బ్లఫ్ ఇంత ధరకు ఎక్కడా గిట్టదు.

చివరిగా, ఇదే రైజ్ మీ మీదకు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. పైన చూసిన ఇస్పేటుల బల్ల మీదే మీరు 75 బెట్ చేశారు, అవతలివారు 300 అన్నారు. సిద్ధాంతం ప్రకారం మీరు బెట్ చేసిన చేతులలో సుమారు 37 శాతం కాల్ చేయకపోతే వారు ఏ ముక్కలతో బ్లఫ్ చేసినా లాభపడతారు. కానీ ఆ లెక్క బ్లఫ్ చేసేవారి మీద మాత్రమే వర్తిస్తుంది. మన ఊళ్లలో సాయంత్రపు ఆటల్లో రివర్ చెక్-రైజ్ దాదాపు ఎప్పుడూ నిజమే, కాబట్టి రెండు జతలు, మూడు 8లు కూడా పడేయడమే నా సలహా. ఇస్పేటు ఆసు మీ చేతిలో ఉంటే, అవతలివారికి అతి పెద్ద ఫ్లష్ లేదు కదా అని కాల్ చేయాలనిపిస్తుంది. ఆ ఆలోచనలో సగమే నిజం ఉంది: ఆ ఆసు లేకపోతే వారికి అతి పెద్ద ఫ్లష్ ఉండదు, అలాగే ఆ ఆసును పట్టుకుని చేసే మంచి బ్లఫ్ కూడా ఉండదు. రాజుతోనో రాణితోనో ఉన్న ఫ్లష్‌లు, 9-10తో వచ్చిన స్ట్రెయిట్‌లు మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటాయి. అవతలి మనిషి ఇలాంటి బ్లఫ్ చేయగా మీరు ఎప్పుడైనా ముక్కలు చూసి ఉంటే కాల్ చేయండి, చూడకపోతే ఫోల్డ్ చేసి, షోలో వారు ఇతరుల మీద ఏం చూపిస్తారో గమనిస్తూ ఉండండి.